డాక్టర్ గారికి ముక్కుగా బర్గండీ వెళ్ళాను

డాక్టర్ గారు పోయారని నాకు షాపులో ఉండగా తెలిసింది. శనివారం పొద్దున. గ్రైండర్‌లో ఆవాలు పోసి ఆన్ చేశాను, ఆయన పొట్లం కోసమే. శనివారం ఆయన వచ్చే టైముకి ఆవపిండి అప్పుడే కొట్టి ఉంచాలి, నిన్నటిది ఇస్తే ఊరుకోరు. ఫోన్ మోగింది, చూస్తే వాళ్ళమ్మాయి. "అన్నయ్యా, డాడీ నిద్రలోనే వెళ్ళిపోయారు" అంది, మిగతాదంతా ఇంగ్లీషులో చెప్పింది. నొప్పేం లేదట, నిద్రపోయిన మనిషి నిద్రపోయినట్టే ఉన్నారట. ఫోన్ పెట్టేశాక చూసుకుంటే గ్రైండర్ ఆపనే లేదు. షాపంతా ఆవఘాటు. అప్పుడే లోపలికొచ్చిన ఒకావిడ నా కళ్ళు చూసి "ఆవపిండా అండీ?" అని అడిగింది. అవునమ్మా అన్నాను. సగం నిజమే కదా.

మన షాపుకొచ్చే వాళ్ళలో చాలామంది ఆయన్ని చూసే ఉంటారు. న్యూజెర్సీ ఎడిసన్‌లో ఓక్ ట్రీ రోడ్డు మీద కాదు, పక్క సందులో ఉంటుంది మన షాపు, పొడులూ పచ్చళ్ళూ మసాలాలూ. కౌంటర్ పక్కన స్టూల్ మీద కూర్చుని, తెల్ల పొట్టిచేతుల చొక్కా వేసుకుని, వచ్చినవాళ్ళ దగ్గు విని మందు చెప్పే పెద్దాయన, ఆయనే. ఊపిరితిత్తుల డాక్టరు. కుర్రాడిగా ఉన్నప్పుడే ఈ దేశం వచ్చి, ఇక్కడే ప్రాక్టీస్ చేసి, ఇక్కడే రిటైరయ్యారు. రిటైరయ్యాక నా స్టూల్‌కి ప్రమోట్ అయ్యానని చెప్పుకునేవారు.

ఆయనకో మాటుంది. నేను కొత్త కారం తెప్పించి "ఎలా ఉందండీ, బాగుందా?" అంటే, "బాగుందో లేదో తర్వాత. ముందు ఏముందో చెప్పు" అనేవారు. పేషెంట్లతోనూ అంతేనట. "చాలా ఇబ్బందిగా ఉంది డాక్టర్" అని మొదలెడితే, "ఇబ్బంది తర్వాత, ముందు ఏమవుతోందో చెప్పు" అంటారట. మొదట్లో ఇదేం చాదస్తం అనుకున్నాను. తర్వాత నాకూ అంటుకుంది. ఇప్పుడు హోల్‌సేల్ వాడు "ఫస్ట్ క్లాస్ సరుకు సార్" అంటే, క్లాస్ సంగతి తర్వాత, ముందు ఏముందో చెప్పు అంటున్నాను. వ్యాపారానికి చాలా పనికొచ్చే మాట, రాసిపెట్టుకోండి.

ఆయనకి వైన్ అంటే ఇష్టం. తాగుబోతు కాదు, ఒక గ్లాసు పెట్టుకుని సాయంత్రమంతా దాని ముందు కూర్చునే రకం. ఈ పిచ్చి ఎలా మొదలైందో నాకు వందసార్లు చెప్పుంటారు. జెర్సీకి మారిన మొదటి చలికాలం, ఆస్పత్రిలో ఆయన పై డాక్టరు ఇంటికి భోజనానికి పిలిచాడట. చేతికి ఎర్రటి వైన్ గ్లాసిచ్చాడు. తాగాలో వద్దో తెలీక, మర్యాదకి వాసన చూశారట. చూస్తే అందులో నేరేడు పళ్ళు. దాని వెనకాల తొలకరి వాన. ఎండిన నేల మీద మొదటి చినుకులు పడితే లేచే వాసన, అదే. బయట మోకాలెత్తు మంచు, ఇంటికెళ్ళి రెండేళ్ళు. "ఆ రాత్రి చుక్క తాగలేదయ్యా. భోజనం అయ్యేదాకా గ్లాసులో ముక్కు పెట్టుకుని కూర్చున్నాను. వాళ్ళు నాకు జలుబనుకున్నారు" అనేవారు.

ఆ వైన్ ఫ్రాన్స్‌లో బర్గండీ అనే చోటు నుంచి వచ్చిందని తర్వాత తెలుసుకున్నారు. అప్పట్నుంచీ ఒకటే కోరిక, ఆ నేల మీద నిలబడాలి, ఆ వాన వాసన ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడాలి. వాళ్ళావిడ "మీ ఎర్రనీళ్ళ ఊరు" అని వెక్కిరిస్తూనే ప్రతి ఏడూ ప్లాన్ వేసేదట. ఒకసారి నైట్ డ్యూటీలు, ఒకసారి అమ్మాయి పరీక్షలు, ఒకసారి ఇండియా నుంచి చుట్టాలు. రిటైరయ్యాక తప్పకుండా అనుకున్నారు. రిటైరయ్యారు, ఆవిడ పోయింది. సరే ఒక్కణ్ణే వెళ్తాను అనుకునేలోపు ఒక ఫ్లూ వచ్చింది. జ్వరం తగ్గింది గానీ వాసన పోయింది. పూర్తిగా.

ఆ రోజుల్లో ఆయన శనివారాలు చూడలేకపోయేవాణ్ణి. వచ్చి, స్టూల్ మీద కూర్చుని, నా ఇంగువ డబ్బా తీసి మూత తెరిచి ముక్కు దగ్గర పెట్టుకునేవారు. ఇంగువ! పక్క షాపు చీరల వాడు గోడవతల నుంచి కంప్లైంట్ చేస్తాడు ఆ డబ్బా తెరిస్తే. ఈయన రెండుసార్లు పీల్చి, మూత జాగ్రత్తగా బిగించి, "ఊహూఁ" అని తల ఊపేవారు. బాధపడేవారు కాదు, ఎక్స్‌రే చూసి చెప్పినట్టు చెప్పేవారు. "నా ముక్కు ఇంగువ కట్టిన గుడ్డయ్యా. సరుకైపోయింది. కాకపోతే గుడ్డకి గుర్తుంది."

ఒక శనివారం అలాగే మూత పెడుతుంటే నేను ఊరికే నోరు జారాను. "నా ముక్కు తీసుకెళ్ళండి డాక్టర్ గారూ, ఖాళీగానే ఉంది" అన్నాను. జోక్‌గానే. ఆయన డబ్బా కింద పెట్టి నా వైపు చూశారు. "పాస్‌పోర్ట్ ఉందా?" అన్నారు.

నా ముక్కు గురించి ఒక మాట చెప్పాలి. గొప్పకి కాదు, కథకి కావాలి. మా అమ్మ దేవుడికి నైవేద్యం వండేటప్పుడు రుచి చూసేది కాదు, ఎంగిలైపోతుందని. గిన్నెలోంచి లేచే ఆవిరిని బట్టే ఉప్పు చాలిందో లేదో చెప్పేది. పక్కన కూర్చుని కూర్చుని నాకూ కొంచెం వచ్చింది. అందుకే పచ్చడి నోట్లో పెట్టకుండానే ఉప్పు తక్కువైందని చెప్తాను, అదే నా బిజినెస్. ఈ సంగతి ఆయనకి తెలుసు.

వాళ్ళమ్మాయికి ఇది నచ్చలేదు. షాపుకొచ్చి మరీ అడిగింది. "అన్నయ్యా, డాడీకి స్మెల్ లేదు, టేస్ట్ లేదు. ఎందుకు వెళ్ళడం? అక్కడికెళ్ళి సాడ్ అయిపోతారు." ఆ పిల్ల భయం తప్పు కాదు. పెద్దాయనే స్టూల్ మీంచి, "కళ్ళు లేనివాళ్ళు తిరుపతి వెళ్ళట్లేదా అమ్మా? పక్కవాళ్ళు చెప్తే చూస్తారు" అన్నారు. "తిరుపతిలో వైన్ లేదు డాడీ" అంది ఆ అమ్మాయి. నాకు నవ్వొచ్చి గోడౌన్‌లోకి వెళ్ళిపోయాను.

జూన్ మొదట్లో షాపు మా ఆవిడకి అప్పజెప్పి బయల్దేరాం. పారిస్ దాకా ఫ్లైటు, అక్కణ్ణుంచి దీజోఁకి ట్రైను. మనం డిజాన్ అంటాం కదా, ఆవాల పేస్టు సీసా మీద ఉండే పేరు, ఆ ఊరే. పాత ఊరు, రాతి వీధులు, రంగు పెంకుల కప్పులు. అక్కడొక పెద్ద చర్చి గోడకి చిన్న గుడ్లగూబ బొమ్మ చెక్కుంటుంది. జనం వందల ఏళ్ళుగా రుద్ది రుద్ది మొహం అరిగిపోయింది పాపం. ఎడమచేత్తో రుద్ది కోరిక కోరుకుంటే తీరుతుందట. నేను దాని ముందు నిలబడ్డాను. గుడ్లగూబ అంటేనే మనకి ఒక రకం, పైగా ఎడమచెయ్యి. మంచి కోరిక ఎడమచేత్తో ఎలా అడుగుతాం చెప్పండి. కుడిచెయ్యి పెట్టి, ఆయనకి వాసన తిరిగి రావాలని మనసులో అనుకుని, శుభ్రంగా రుద్దాను.

డాక్టర్ గారు వెనకనుంచి చూస్తున్నారు. "ఏ చెయ్యి పెట్టావ్?"

"కుడిచెయ్యండీ."

"అయితే అర్జీ వాపస్" అన్నారు. ఆ ట్రిప్పంతా ఏది సరిగ్గా జరక్కపోయినా, హోటల్లో వేణ్ణీళ్ళు రాకపోయినా, నా కుడిచెయ్యే కారణం.

ఆ సందులోనే ఆవాల పేస్టు షాపుంది. చిన్న చెక్క పుల్లల మీద రుచికి ఇస్తారు. నా లైనే కాబట్టి నేను వాళ్ళతో కబుర్లలో పడ్డాను, తొక్క తీస్తారా తీయరా, నీళ్ళా వెనిగరా అని. పక్కన ఏదో చప్పుడైతే తిరిగి చూశాను. డాక్టర్ గారు పుల్ల నోట్లో పెట్టుకుని, రెండు కళ్ళూ మూసుకుని, తల పట్టుకుని నిలబడ్డారు. కళ్ళనీళ్ళు బుగ్గల మీదకి కారుతున్నాయి. ఆయన కళ్ళు తెరిచి నవ్వడం మొదలెట్టారు.

"తగిలిందయ్యా. ముక్కులో తగిలింది."

నేను ఆ షాపువాణ్ణి వాటేసుకోబోయాను. కుడిచెయ్యి కూడా పనిచేసిందన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. "కాదు. ఇది వాసన కాదు, ఘాటు. ఘాటు తెలిసే నరం వేరు, వాసన నరం వేరు. వాసన నరం పోయింది, ఇది బతికుంది. ఏముందో ముందు చెప్పుకోవాలి కదా" అన్నారు. అని, ఇంకో పుల్ల అడిగారు. మళ్ళీ ఇంకోటి. పిల్లాడు ఐస్‌క్రీం షాపులో అడిగినట్టు అడిగారు. కొన్నేళ్ళుగా ఆయనకి తిండంటే పేపర్ నమిలినట్టే కదా. ఆవ పెట్టిన అరటికాయ కూర ఉంటుందని ఇన్నాళ్ళూ మనకెందుకు తట్టలేదా అని ఇద్దరం నవ్వుకున్నాం. శనివారం ఆవపిండి పొట్లం కథ అలా మొదలైంది.

మర్నాడు కారు అద్దెకి తీసుకుని దక్షిణంగా బోన్ అనే ఊరివైపు వెళ్ళాం. దారంతా ద్రాక్షతోటలే. మన దగ్గరలాగా పందిళ్ళు ఉండవు, నడుమెత్తు మొక్కలు వరసగా, మిరపతోటలాగా. చిన్న చిన్న రాతి గోడలు. ఈ గోడకి ఇవతల మట్టి వేరట, అవతల వేరట, సీసా మీద పేరూ వేరే. మధ్యలో ఒక పల్లెటూళ్ళో ముందే చెప్పి ఉంచిన, వైన్ చేసే ఒకాయన తన నేలమాళిగలోకి తీసుకెళ్ళాడు. చలి, చీకటి, వరసగా పీపాలు. ఆయన ఇంగ్లీషు మాట్లాడతాడు, నాలాగే, అంటే పని జరిగేంత.

నాకూ గ్లాసివ్వబోయాడు. నాకు అలవాటు లేదు, పైగా డ్రైవింగ్ నాదే, వద్దన్నాను. "ఇతను నా ముక్కు, నేను నోరు" అని డాక్టర్ గారు పరిచయం చేశారు. ఆయన ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, ఒకే గ్లాసులో పోశాడు.

నేను ముక్కు పెట్టాను. డాక్టర్ గారు కళ్ళు మూసుకున్నారు. "ఏముంది?"

"నేరేడు పండండీ. పండు కూడా కాదు, తిన్నాక నాలిక మీద మిగిలే వగరు. తడిసిన గోనెసంచి. కొంచెం లవంగం. చింతపండు కుండ మూత తీస్తే వస్తుంది చూడండి, అది."

"ఊఁ. ఇంకా?"

ఆయన ఇంకా అంటే దేనికో నాకు తెలుసు. మళ్ళీ పెట్టాను, ఇంకోసారి పెట్టాను. వాన లేదు. ఉందని చెప్పేస్తే ఆయన మొహం ఎలా వెలుగుతుందో నాకు తెలుసు, ఒక్క మాట, అంతే. కానీ ఆయన నా ముక్కు మీద నమ్మకంతో ఇంత దూరం వచ్చారు.

"లేదండీ. వాన లేదు."

ఆయన కళ్ళు తెరిచి నా భుజం తట్టారు. "ఉందని చెప్పుంటే నిన్నిక్కడే వదిలేసి వెళ్ళేవాణ్ణి" అన్నారు.

గ్లాసులో గాలి తగిలేకొద్దీ వాసన మారుతుంది, మళ్ళీ మళ్ళీ చూడాలి అని ఆ పీపాలాయన చెప్పాడు. అంటే డాక్టర్ గారు ఓ గుక్క తాగాక నేను మళ్ళీ అదే గ్లాసులో ముక్కు పెట్టాలి. నేను షాపులో నీళ్ళ సీసా కూడా ఎత్తి పోసుకుంటానని ఆయన చూశారు. నేను పర్లేదండీ అనేలోపే, గ్లాసు పైకెత్తి, పెదవి తగలకుండా ధారగా నోట్లో పోసుకున్నారు. ఎనభై దాటిన మనిషి. సగం నోట్లోకి, సగం తెల్ల చొక్కా మీదకి. పీపాలాయన ఇన్నేళ్ళలో ఇలా తాగినవాళ్ళని చూడలేదన్నాడు. తనూ ట్రై చేశాడు, ముక్కులోకి పోయింది, ఉక్కిరిబిక్కిరై దగ్గాడు. డాక్టర్ గారు వీపు మీద చరిచి, ఊపిరి ఎలా తీయాలో చెప్పి, నాడి కూడా చూశారు. ఫీజుగా ఆయన ఇంకో పీపాలోది పోశాడు.

అక్కడే ఒక సీసా కొన్నారు. కొన్నేళ్ళు దాచి తెరవండి, అప్పటికి బాగుంటుంది అన్నాడు ఆయన. డాక్టర్ గారు నాతో తెలుగులో, "నా వయసు చూసి కూడా ఎంత ధైర్యంగా అమ్ముతున్నాడో చూడు, వ్యాపారమంటే ఇదీ" అన్నారు. అని కొన్నారు. "నేను కాకపోతే ఇంకొకరు తాగుతారు."

ఆ మరకల చొక్కాతోనే బోన్‌లో పాత ధర్మాసుపత్రి చూశాం. వందల ఏళ్ళ కిందట బీదవాళ్ళ కోసం కట్టింది, ద్రాక్షతోటల ఆదాయంతో నడిచేదట. పొడుగాటి హాలు, రెండు పక్కలా ఎర్ర తెరలతో మంచాలు. రద్దీ అయితే మంచానికి ఇద్దర్ని పడుకోబెట్టేవారని అక్కడి గైడు చెప్పింది. "మా హౌస్ సర్జన్సీ రోజుల్లోనూ అంతే. కాకపోతే మాకు తెరల్లేవు" అన్నారు డాక్టర్ గారు. చొక్కా మార్చుకోండి, అందరూ చూస్తున్నారు అంటే, "చూడనీ, ఇప్పుడే ఆపరేషన్ చేసి వచ్చాననుకుంటారు" అన్నారు.

చివరి రోజు పొద్దున్నే వాన పడింది. కొన్నాళ్ళుగా లేదట, ఎక్కువ కూడా పడలేదు, కాసేపు. నేను హోటల్ కిటికీ తీసి, వెంటనే వెళ్ళి ఆయన తలుపు కొట్టాను. కారులో ఆ పల్లెటూరి దారిన వెళ్ళి, సీసా మీద పేరున్న తోట గోడ పక్కన ఆపాను. ఆయన నా చెయ్యి పట్టుకుని మొక్కల మధ్యకి నడిచారు. బూట్లకి మట్టి అంటుకుంది.

"ఏముందో చెప్పు."

"ఇక్కడుందండీ. ఎండిన నేల మీద మొదటి చినుకు. అచ్చం అదే."

ఆయన వంగి చిటికెడు మట్టి తీసుకుని వేళ్ళ మధ్య నలిపారు, ముక్కు దగ్గర పెట్టుకున్నారు, నవ్వి చెయ్యి దులుపుకున్నారు. "మా ఆవిడుంటే, మట్టి వాసనకి ఇంత దూరమా అనేది" అన్నారు. చాలాసేపు అక్కడే నిలబడ్డారు. కారెక్కాక సీటు బెల్టు పెట్టుకుంటూ, "సాడ్ అవుతానంది కదూ మా పిల్ల. ఏమైందో దానికి నువ్వే చెప్పు" అన్నారు. వచ్చి చెప్పాను. ఆవాల సంగతి మాత్రమే నమ్మింది.

తర్వాత బాగా గడిచాయండీ ఆ రోజులు. వారం వారం పొట్లం, ఆవ పెట్టిన కూరలు. ఒక్కో శనివారం కళ్ళు మూసుకుని, కౌంటర్ మీద ఏదుంటే అది చెప్పమనేవారు. కరివేపాకు వచ్చిందంటే దాన్ని చెప్పమనేవారు, బెల్లం వచ్చిందంటే బెల్లం. కస్టమర్లు మధ్యలో తామూ చెప్పేవారు. తప్పు చెప్తే "బాగుంది అనేది వాసన కాదమ్మా" అని సరిచేసేవారు.

కర్మకాండ అయ్యాక ఆదివారం మధ్యాహ్నం వాళ్ళమ్మాయి ఇంటికి రమ్మంది. చుట్టాలు వెళ్ళిపోయారు. వంటింటి గట్టు మీద ఆ సీసా. "ఇంకా టైమ్ కాలేదు కదా, కొన్నేళ్ళు ఆగాలి" అన్నాను. "ఐ నో, అన్నయ్యా" అని ఓపెన్ చేసింది. ఒకే గ్లాసులో పోసి నా ముందు పెట్టి, కళ్ళు మూసుకుంది. అచ్చం ఆయనలాగే, గడ్డం కొంచెం పైకెత్తి.

"ఏముందో చెప్పండి."

చెప్పాను. నేరేడు, గోనెసంచి, లవంగం. "రెయిన్ ఉందా?" అంది.

"లేదమ్మా."

తల ఊపింది. గ్లాసు పైకెత్తి, పెదవికి తగలకుండా పోసుకుంది. కొంచెం చొక్కా మీద పడింది, తుడుచుకోలేదు. ఆవ పెట్టిన కూరతో అన్నం తిన్నాం, ఆయన కబుర్లు చెప్పుకున్నాం, తనకి తెలియనివి నేను చెప్తే నాకు తెలియనివి తను చెప్పింది. మధ్య మధ్యలో ఆ గ్లాసూ అయిపోయింది.

నేను గిన్నెలు సింకులో వేస్తూ ఆ గ్లాసు కూడా తీశాను. ఖాళీ గ్లాసు, అడుగున ఎర్రగా ఒక గీత, అంతే. కడగబోతూ అలవాటు కొద్దీ ముక్కు దగ్గర పెట్టుకున్నాను. పెట్టుకుని, తెరిచిన పంపు కట్టేశాను.

"అమ్మా, ఇలా రా" అన్నాను. వచ్చింది. ఏం చెప్పకుండా గ్లాసు చేతికిచ్చాను. తను వాసన చూసింది. మళ్ళీ చూసింది. కిటికీలోంచి బయటికి చూసింది, ఎండగానే ఉంది, వానేం లేదు.

ఆ గ్లాసు కడగలేదు. నిన్న వెళ్ళినప్పుడు చూశాను, సింకు పక్క కిటికీలో అలాగే ఉంది.